వాతావరణ మార్పు మీద ముందు ఏ పుస్తకం చదవాలి?

పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కూతురు వచ్చి, "పిన్నీ, వాతావరణ మార్పు మీద మంచి పుస్తకం ఒకటి ఇవ్వు" అని అడిగింది. ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చిన పిల్ల. నా అలమరలో ముందు చేతికి తగిలింది డేవిడ్ వాలెస్-వెల్స్ రాసిన 'ది అన్‌ఇన్‌హాబిటబుల్ ఎర్త్'. నాకు ఇష్టమైన పుస్తకం కాబట్టి ఇంకేం ఆలోచించకుండా ఇచ్చేశాను. నాలుగో రోజు తిరిగి తెచ్చింది. చదివినంత మేరా పెన్సిల్‌తో గీతలు గీసుకుంది. ఆకలి గురించిన అధ్యాయంలో ఒక గీత వాక్యం సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత పేజీలన్నీ తెల్లగానే ఉన్నాయి. "ఇంక చదివి ఏం లాభం పిన్నీ? అంతా అయిపోయినట్టే కదా" అంది. రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదని అక్క తర్వాత చెప్పింది.

ఆ సగం గీత నన్ను చాలా రోజులు వదల్లేదు. పుస్తకం మంచిదే, పిల్లా తెలివైనదే. ఎవరికి ఏది ముందు ఇవ్వాలో నేనే ఆలోచించలేదు. అప్పటినుంచి ఈ విషయం మీద నా దగ్గరున్నవన్నీ మళ్ళీ తిరగేసి, ఏది ఎవరికి, ఏది దేని తర్వాత అని రాసుకుంటూ వచ్చాను. అన్నీ ఇంగ్లిషు పుస్తకాలే. మా ఇంట్లో ఇంగ్లిషులో చదివి తెలుగులో చెప్పుకుంటాం, కాబట్టి చదివినది ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పగలమా లేదా అనేది కూడా నా ఎంపికలో ఒక లెక్క.

నేను చూసే కొలత

ఒక అధ్యాయం నిండా చెడ్డ కబురు, చివర్లో ఓ నాలుగు పేజీలు ధైర్యం చెప్పేస్తే ఆ పుస్తకంలో రెండూ ఉన్నట్టు నేను అనుకోను. ఒకే అంకెలో రెండింటినీ చూపించగలగాలి. 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న దానికన్నా సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువైందని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. మొత్తం క్యాలెండర్ సంవత్సరం ఒకటిన్నర డిగ్రీలు దాటడం అదే మొదటిసారి. భూమి వేడిని అదుపులో పెట్టడానికి దేశాలు కుదుర్చుకున్న పారిస్ ఒప్పందంలోని ఒకటిన్నర డిగ్రీల హద్దును ఒక్క ఏడాదితో తేల్చరు, సుమారు ఇరవై ఏళ్ల సగటు తీసి చూస్తారు. కానీ ఆ హద్దు పక్కనే నిలబడి ఉన్నామన్నది నిజం. ఇంకో నిజం కూడా ఉంది. 2015లో ఆ ఒప్పందం కుదిరే ముందు లెక్కలు ఈ శతాబ్దం చివరికి నాలుగు డిగ్రీల వైపు చూపించేవి. ఇప్పుడు దేశాలు అమలు చేస్తున్న విధానాలతో లెక్క వేస్తే మూడుకి కాస్త అటూ ఇటూగా వస్తోంది. మూడు డిగ్రీలంటే చాలా ఘోరం. నాలుగు నుంచి మూడుకి దిగిందంటే అది ఎవరో ఎక్కడో పని చేయబట్టే.

ఇంట్లో పిల్లకి జ్వరం 101 ఉంటే ఒక రకంగా, 104 ఉంటే ఇంకో రకంగా కంగారు పడతాం. నూరు దాటింది కాబట్టి ఇంక ఎంతైనా ఒకటే అని ఏ తల్లీ వదిలెయ్యదు. భూమి విషయంలోనూ ప్రతి అర డిగ్రీకీ విలువ ఉంది. ఒకటిన్నర డిగ్రీల దగ్గర పగడపు దిబ్బలు 70 నుంచి 90 శాతం దెబ్బతింటాయని, రెండు డిగ్రీలైతే 99 శాతానికి పైగా పోతాయని ఐక్యరాజ్య సమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2018లోనే చెప్పింది. ఈ 'ఎంత' అన్న మాటను పట్టుకున్న పుస్తకం మంచి పుస్తకం అని నా లెక్క. అంతా మునిగిపోయింది అనే పుస్తకమూ, అంతా సర్దుకుంటుంది అనే పుస్తకమూ ఆ మాటనే మింగేస్తాయి.

అసలు పోలిక: వాలెస్-వెల్స్, హన్నా రిచీ

మీకు టైమ్ ఉండి రెండు పుస్తకాలే చదవగలిగితే ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

వాలెస్-వెల్స్ పుస్తకం 2019లో వచ్చింది. 2017లో న్యూయార్క్ మ్యాగజైన్‌లో ఆయన రాసిన వ్యాసం దీనికి మూలం. వేడి, ఆకలి, మునక, కార్చిచ్చు అంటూ ముప్పు ఎన్ని దారుల్లో మన మీదికి వస్తుందో ఒక్కొక్కటీ విప్పి చెబుతాడు. వాక్యం చాలా పదును. నన్ను అన్నిటికన్నా కుదిపింది అందులోని ఒక లెక్క: బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చడం వల్ల గాల్లోకి చేరిన కార్బన్‌లో సగానికి పైగా గత ముప్పై ఏళ్లలోనే చేరింది. అంటే ఇది ముత్తాతల నాటి అప్పు కాదు, మా తరం కళ్ళముందు పెరిగింది. ఆ లెక్క చదివాక చేతులు ముడుచుకుని కూర్చోలేం. అదే లెక్క పదిహేడేళ్ల పిల్ల మీద పడితే నలిగిపోతుంది. ఇందులో ఇంకో సంగతి ఉంది. ఈ రచయితే 2022లో రాసిన మరో పెద్ద వ్యాసంలో, తను భయపడినంత ఘోరమైన భవిష్యత్తు వచ్చే అవకాశం తగ్గిందని, అయినా రాబోయేది చాలా కష్టకాలమేనని రాశాడు. పుస్తకం చదివినవాళ్ళు ఆ వ్యాసం కూడా తప్పకుండా చదవాలి. నేను మా పిల్లకి అది చెప్పకుండా పుస్తకం మాత్రమే చేతిలో పెట్టాను.

హన్నా రిచీ స్కాట్లాండ్‌కి చెందిన డేటా శాస్త్రవేత్త. 'నాట్ ది ఎండ్ ఆఫ్ ది వరల్డ్' 2024 జనవరిలో వచ్చింది. చదువుకునే రోజుల్లో తనూ మా పిల్లలాగే బెంగపెట్టుకున్నానని ఆమే రాసుకుంది. స్వీడన్ వైద్యుడు హాన్స్ రోజ్‌లింగ్ లెక్కలతో ప్రపంచాన్ని చూపించే ఉపన్యాసం విన్నాక ఆమె దారి మారింది. గాలి కాలుష్యం, వాతావరణం, అడవుల నరికివేత, తిండి, జీవజాతులు, సముద్రంలో ప్లాస్టిక్, మితిమీరిన చేపల వేట, ఈ ఏడింటిని తీసుకుని ఎక్కడున్నాం, ఎంత తగ్గింది, ఏం చేస్తే ఇంకా తగ్గుతుంది అని చెబుతుంది. ప్రపంచంలో తలసరి కార్బన్ డయాక్సైడ్ విడుదల 2012 ప్రాంతంలోనే గరిష్ఠానికి చేరి తగ్గుముఖం పట్టిందని ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. సౌర విద్యుత్తు ఖర్చు ఒక్క పదేళ్లలో దాదాపు 90 శాతం తగ్గింది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు లేచిందంటే దాని వెనక ఈ తగ్గుదలే ఉంది.

ఈ పుస్తకంలో ప్రకృతి విపత్తుల్లో చనిపోయేవారి సంఖ్య దశాబ్దాల తరబడి ఎలా తగ్గుతూ వచ్చిందో చెప్పే భాగం మా నాన్నకి చదివి వినిపించాను. ఆయన దివిసీమ మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "డెబ్భై ఏడు ఇందులో ఎక్కడుంది?" అని అడిగారు. 1977 నవంబరు 19 ఉప్పెన. పదివేలమందికి పైగా పోయారు. దశాబ్దానికి ఒక లెక్కగా వేసిన గీతలో ఒక్క రాత్రి కనిపించదు. ఆ మాటే చెప్పాను. కాసేపు ఊరుకుని, "అప్పుడు చెప్పేవాడు లేడు. చెప్పినా ఎక్కడానికి మేడ లేదు" అన్నారు. ఆ రెండు మాటల్లో రిచీ వాదం మొత్తం ఉందనిపించింది నాకు. మన పక్కనున్న ఒడిశానే చూడండి. 1999 మహా తుఫానులో దాదాపు పదివేలమంది చనిపోయారు. 2019లో ఫణి వచ్చినప్పుడు పది లక్షలమందికి పైగా జనాన్ని ముందే తరలించారు, అక్కడ మరణాలు వందలోపే. ముందస్తు హెచ్చరిక, తుఫాను షెల్టరు, ఊరూరా మైకు పట్టుకు తిరిగిన మనుషులు, ఇవే ఆ తేడాకి కారణం. గాలి దయతలచి నెమ్మదించలేదు.

అలాగని రిచీ పుస్తకం ఒక్కటే చదివి ఆగిపోతే నేను ఒప్పుకోను. సగటు చెప్పినప్పుడల్లా సగటు కింద ఉన్నవాళ్ళు కనబడకుండా పోతారు. ఎవరు ఎక్కువ కాల్చారు, ఎవరు ఎక్కువ అనుభవిస్తున్నారు, ఎవరు అడ్డం పడుతున్నారు అన్న రాజకీయం ఇందులో పలుచగా ఉంది. తుఫాను గురించి ముందే చెప్పి జనాన్ని తరలించొచ్చు. ఎండ సంగతి వేరు. 2015 మే నెలలో ఎండదెబ్బకి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి రెండు వేలమందికి పైగా చనిపోయారు. ఉపాధి పనికి వెళ్ళేవాళ్ళని, తాపీ మేస్త్రీలని ఏ షెల్టరుకి తరలిస్తాం? అహ్మదాబాద్ 2010 వేసవిలో దెబ్బతిన్నాక, 2013లో ఎండల కోసం ప్రత్యేక కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. దారి ఉంది, నడక ఇంకా మొదట్లోనే ఉంది.

మరి ఏది ముందు? బెంగగా ఉన్నవాళ్ళకి రిచీ ముందు, వాలెస్-వెల్స్ తర్వాత. "ఇదంతా ఎప్పుడూ ఉన్నదే, ఎండలు మా చిన్నప్పుడు లేవా" అనే బాబాయిలకి వాలెస్-వెల్స్ ముందు.

మన దేశం గురించి చదవాలంటే

అమితావ్ ఘోష్ 'ది గ్రేట్ డిరేంజ్‌మెంట్' 2016లో వచ్చింది. షికాగో విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసాలే పుస్తకమయ్యాయి. ఇంత పెద్ద మార్పు కళ్ళముందు జరుగుతుంటే మన నవలలు దాని గురించి ఎందుకు మాట్లాడవు అని అడుగుతాడు. తన పూర్వీకులు పద్మా నది దారి మార్చుకోవడంతో ఊరు వదిలి పోవలసి వచ్చిన కథతో మొదలుపెడతాడు. అది చదువుతుంటే నాకు ఉప్పాడ గుర్తొచ్చింది. అక్కడ ఒడ్డున నిలబడితే పెద్దవాళ్ళు సముద్రంలోకి చెయ్యి చాపి, అదిగో అక్కడ ఇళ్ళుండేవి, అక్కడ గుడి ఉండేది అని చూపిస్తారు. మీకు కనిపించేది కెరటమే. తీరం రోడ్డు అంచున తారు ముక్కలు పలకల్లా విరిగి, కింద ఇసుక జారిపోయి వేలాడుతుంటాయి. ఉప్పాడ కోతంతా వాతావరణ మార్పు మీదికే తొయ్యడం సరికాదు, ఇసుక కదలికలకీ తీరంలోని కట్టడాలకీ అందులో వాటా ఉంది. సముద్రమట్టం పెరిగేకొద్దీ మాత్రం అలాంటి ఊళ్ళకి నిలదొక్కుకోవడం ఇంకా కష్టమవుతుంది. ఘోష్ ఓదార్పు ఇవ్వడు. సాహిత్యం ఇష్టమైనవాళ్ళకి, వలస పాలనకీ కర్బనానికీ ఉన్న లంకె తెలుసుకోవాలనుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి పుస్తకం నేను చూడలేదు. ఆశ కోసం మాత్రం దీని దగ్గరికి వెళ్ళకండి.

ఘోష్ తర్వాత సునీల్ అమృత్ 'అన్‌రూలీ వాటర్స్' తీసుకోండి. 2018లో వచ్చింది. ఋతుపవనాలు, నదులు, ఆనకట్టలు ఆసియా చరిత్రని ఎలా తిప్పాయో చెప్పే పుస్తకం. మన కాటన్ దొర ఇందులో ఉంటాడు, 1876 నాటి కరువూ ఉంటుంది. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఇది ఇంటి కథలా సాగుతుంది. నీటి కోసం మనుషులు ఎన్నిసార్లు ఓడారో, ఎన్నిసార్లు మళ్ళీ కట్టుకున్నారో చదివాక, రేపటి గురించి మాట్లాడే ఓపిక వస్తుంది. పర్యావరణం పేరెత్తకుండానే పెద్దవాళ్ళ చేత చదివించగల పుస్తకం ఇది.

పని చెయ్యాలనుకునేవాళ్ళకి మృదులా రమేష్ 'ది క్లైమేట్ సొల్యూషన్' (2018). ఆమెది మదురై. నీళ్ళు, చెత్త, వ్యవసాయం లాంటి చేతికందే విషయాల మీద మాట్లాడుతుంది. అపార్ట్‌మెంట్ సంఘంలో ఉన్నవాళ్ళు, బోర్లు ఎండిపోయి ట్యాంకర్లకి డబ్బు పోస్తున్నవాళ్ళు దీనితో మొదలుపెట్టొచ్చు. సివిల్స్‌కీ గ్రూప్స్‌కీ చదివే పిల్లలైతే నవరోజ్ దుబాష్ సంపాదకత్వంలో 2019లో వచ్చిన 'ఇండియా ఇన్ ఎ వార్మింగ్ వరల్డ్' చూడాలి. అది ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. బరువైన వ్యాసాలు, కానీ అంతర్జాతీయ చర్చల్లో భారతదేశం ఏం అడిగింది, ఎందుకు అడిగింది అన్నది ఇంత వివరంగా ఒకే చోట దొరకడం అరుదు.

నవల చదివేవాళ్ళకి

కిమ్ స్టాన్లీ రాబిన్సన్ 'ది మినిస్ట్రీ ఫర్ ది ఫ్యూచర్', 2020 నాటిది. మొదటి అధ్యాయమే ఉత్తరప్రదేశ్‌లో ఒక భయంకరమైన వడగాడ్పు. ముందే చెబుతున్నాను, ఆ అధ్యాయం చదవడం చాలా కష్టం. అక్కడ ప్రాణాలు తీసేది ఎండతో పాటు ఉక్క. రెంటచింతలలో 45 డిగ్రీల పొడి ఎండలో కనీసం చెమట ఆరుతుంది, ఒళ్ళు కాస్త చల్లబడుతుంది. గాలిలో తేమ నిండిపోయినప్పుడు చెమట కారుతుందే తప్ప ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. కాకినాడలోనో విశాఖలోనో మే నెల రాత్రి కరెంటు పోయినప్పుడు మనకి తెలిసే సంగతే ఇది, దానికి చివరి మెట్టు ఎలా ఉంటుందో ఆ అధ్యాయం చూపిస్తుంది. విచిత్రం ఏమిటంటే, ఇంత చీకటిలో మొదలైన నవలే చివరికి గాల్లో కార్బన్ తగ్గడం మొదలైన ప్రపంచానికి చేరుస్తుంది. బ్యాంకులు, మంచుఫలకాలు, రైతులు, అధికారులు, ఉద్యమాలు, అన్నీ కలిస్తే అది ఎంత గజిబిజిగా, ఎంత నెమ్మదిగా జరుగుతుందో చూపిస్తాడు. ఆశని ఇంత కష్టపెట్టి సంపాదించిన నవల నేను ఇంకోటి చదవలేదు. నడుమ కొన్ని అధ్యాయాలు ఉపన్యాసాల్లా ఉంటాయి, అవి దాటేసినా నష్టం లేదు. పద్దెనిమిది నిండని పిల్లలకి ఇవ్వకండి.

ఇంజినీర్లకి, టీచర్లకి

బిల్ గేట్స్ 'హౌ టు అవాయిడ్ ఎ క్లైమేట్ డిజాస్టర్' (2021) అంకెలు ఇష్టపడేవాళ్ళకి. ఏడాదికి 5,100 కోట్ల టన్నుల వాయువులు, అది సున్నాకి రావాలి, ఇదీ లెక్క. కరెంటు ఒక్కటే శుభ్రం చేస్తే సరిపోదని, సిమెంటు, ఉక్కు, వ్యవసాయం, రవాణా అన్నీ ఎందుకు కదలాలో తేలిగ్గా అర్థమయ్యేలా చెబుతాడు. టన్ను సిమెంటు చేస్తే ఇంచుమించు టన్ను కార్బన్ డయాక్సైడ్ వస్తుంది అన్న ఒక్క ముక్క చాలు, మన ఊళ్ళో లేచే ప్రతి అపార్ట్‌మెంట్‌నీ వేరే కళ్ళతో చూస్తాం. రాజకీయం జోలికి పెద్దగా పోడు, అది లోటే. వాక్లావ్ స్మిల్ 'హౌ ది వరల్డ్ రియల్లీ వర్క్స్' (2022) దీనికి విరుగుడు. ఉక్కు, సిమెంటు, ప్లాస్టిక్, అమ్మోనియా లేకుండా ఈ నాగరికత నిలబడదని, వాటిని మార్చడానికి టైమ్ పడుతుందని గట్టిగా చెబుతాడు. యూరియా బస్తా లేకుండా సగం ప్రపంచానికి అన్నం ఉండదన్న నిజం రైతు కుటుంబాల వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

టీచర్లకి, ఇంట్లో వాదనలతో అలిసిపోయినవాళ్ళకి కాథరిన్ హేహో 'సేవింగ్ అస్' (2021). ఆమె వాతావరణ శాస్త్రవేత్త, టెక్సాస్‌లో పాఠాలు చెబుతుంది. బొత్తిగా కొట్టిపారేసేవాళ్ళు కొద్దిమందే, మిగతావాళ్ళతో వాళ్ళకి ఇష్టమైనదాని దగ్గరనుంచి మాట మొదలుపెట్టండి అంటుంది. మా పక్కింటి రైతుతో నేను కార్బన్ గురించి ఎప్పుడు మాట్లాడినా నడవలేదు. ఈ పుస్తకం చదివాక "తొలకరి ఎప్పుడు పడుతోందండీ ఈమధ్య" అని అడిగాను. గంటసేపు ఆయనే మాట్లాడారు. మైకేల్ మాన్ 'ది న్యూ క్లైమేట్ వార్' (2021) దీని పక్కన చదవదగ్గది. తప్పంతా మామూలు మనిషి మీదికి నెట్టడం, "ఇంక లాభం లేదు" అని నిరుత్సాహపరచడం, రెండూ పని ఆపడానికే ఉపయోగపడతాయని వాదిస్తాడు. మనిషి మనిషికీ సొంత కార్బన్ లెక్క వేసుకోమనే ఆలోచనని జనంలోకి బాగా తీసుకెళ్ళింది ఒక పెద్ద చమురు కంపెనీ ప్రచారమేనని అందులో చదివినప్పుడు, స్ట్రా మానేశానా లేదా అని బాధపడిన రోజులన్నీ గుర్తొచ్చాయి.

గ్రెటా థున్‌బెర్గ్ కూర్చిన 'ది క్లైమేట్ బుక్' (2022) వందమందికి పైగా రాసిన పెద్ద సంపుటం. సొంతానికి కొనేకన్నా స్కూల్ లైబ్రరీకి కొనిపించండి. ఎక్కడ తెరిచినా చదువుకోవచ్చు.

కుదేలైనవాళ్ళకి

మా పిల్లకి రెండోసారి నేను ఇచ్చింది రెబెకా సోల్నిట్, థెల్మా యంగ్ లుటునటబువా కలిసి తెచ్చిన 'నాట్ టూ లేట్' (2023). చిన్న చిన్న వ్యాసాలు. నిద్రపట్టని రాత్రి ఒకటి చదివి లైటు తీసెయ్యొచ్చు. పోయినదాన్ని పోయిందనే చెబుతుంది, ఏడవద్దని అనదు. రేపు ఎలా ఉంటుందో ఎవరికీ పూర్తిగా తెలియదు కాబట్టే మనం చేసేదానికి చోటుంది అన్నది ఆ వ్యాసాల్లో మళ్ళీ మళ్ళీ వినిపించే మాట. దాని తర్వాత రిచీ ఇచ్చాను. తర్వాత నెల్లాళ్ళు ఏమీ ఇవ్వలేదు. ఈ విషయం మీద వరసగా మూడు పుస్తకాలు చదవొద్దని ఎవరికైనా చెబుతాను, నడుమ ఒక మంచి కథల పుస్తకం పెట్టుకోండి.

దసరా సెలవులకి వచ్చినప్పుడు తనే అలమర దగ్గరికి వెళ్ళి వాలెస్-వెల్స్‌ని తీసింది. వెళ్ళేటప్పుడు మంచం మీద వదిలేసిపోతే తెరిచి చూశాను. వేసవిలో సగంలో ఆగిన గీత అలాగే ఉంది, దాని పక్కనుంచి కొత్త గీత మొదలై, ఆకలి అధ్యాయం దాటి మునక దాకా వెళ్ళింది. అంచున చిన్న అక్షరాలతో తెలుగులో "తాతయ్యని అడగాలి, షెల్టరు ఏ ఏడాది కట్టారు?" అని రాసుంది.